మూడు శంఖాల సేపు

ఆ ఆదివారం పొద్దున్న మా రైల్వే క్వార్టర్ వంటింటి గుమ్మం దగ్గర ఉన్నవాళ్ళు: అమ్మ, నాన్న, నేను. ఉన్నవి: ప్లాస్టిక్ స్టూలు ఒకటి, టార్చిలైటు ఒకటి, నాన్న పనిముట్ల పెట్టెలోంచి తీసిన పొడుగు కాడ ఉన్న చిన్న గుండ్రటి అద్దం ఒకటి, స్టీలు చెంచా ఒకటి, సగం కొరికిన జంతిక ఒకటి, అరచేతిలో ఇమిడే గుడాకు డబ్బా ఒకటి, దేవుడి అరలో తెల్లటి శంఖం ఒకటి. అమ్మ నోట్లో పళ్ళు ఇరవై ఎనిమిది. అందులో ఒకటి ఊగుతోంది.

ఊగుతున్నది కింది వరసలో సరిగ్గా ముందు పన్ను. జంతిక కొరికినప్పుడు అది పక్కకి ఒరిగి మళ్ళీ నిలబడిందని అమ్మ చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు చేత్తో నోరు మూసుకుంది, తెరిస్తే రాలిపోతుందేమో అన్నట్టు.

నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. ఏ వస్తువు పాడయినా దాన్ని ముందు తట్టి చూడాలన్నది ఆయన పద్ధతి. ఫ్యాను, గ్యాస్ సిలిండరు, కొబ్బరికాయ, పుచ్చకాయ, అన్నీ ఆ పరీక్ష దాటినవే. ఇప్పుడు అమ్మ వంతు వచ్చింది.

"నోరు తెరు. ఇంకా తెరు. షట్టరు సగం ఎత్తినట్టు ఎత్తుతావేటి?"

"ఆ సెంచా పక్కన పెట్టండి బాబూ. పన్నా, పట్టాలా?"

"సౌండు సూడాలి గదేటే. టక్కుమంటే ఠీక్. డబ్బుమంటే లూజు."

ఎడమ నుంచి కుడికి ఒక్కో పన్నూ తట్టుకుంటూ వచ్చాడు. ఊగే పన్ను దగ్గర చెంచా తగలకముందే అమ్మ కేక పెట్టింది. నాన్న అద్దం దించేసి, "లూజు" అన్నాడు, రిజిస్టరులో రాసుకోమన్నట్టు నా వైపు చూసి.

నేను నిజంగానే రాసుకున్నాను. పాలిటెక్నిక్ చదివి, ఊరి బయట ఒక కార్ఖానాలో క్వాలిటీ ఇన్‌స్పెక్షన్‌లో చేస్తున్నాను. కొలిచి రాయనిది జరగనట్టే అని మాకు నేర్పారు. ఇంట్లో కూడా ఆ జబ్బు వదల్లేదు.

ఇక్కడ రెండు వస్తువుల గురించి చెప్పాలి.

మొదటిది గుడాకు. పొగాకు పొడినీ బెల్లం పాకాన్నీ కలిపి చేసే నల్లటి ముద్ద. చూపుడువేలికి కాస్త రాసుకుని పళ్ళకీ చిగుళ్ళకీ రుద్దుతారు. మా చుట్టుపక్కల పెద్దవాళ్ళలో సగం మందికి పొద్దున్న అది పడకపోతే రోజు మొదలవదు. అమ్మ దాన్ని పొగాకు అనుకోదు, పళ్ళపొడి అనుకుంటుంది. చుట్ట తాగేవాళ్ళని చూసి ముక్కు మూసుకుంటుంది. గోల్‌బజార్‌లో సామాన్లు తెచ్చేటప్పుడు ఆమె చెప్పే వరసలో సబ్బు, కొబ్బరినూనె, గుడాకు పక్కపక్కనే ఉండేవి.

రెండోది శంఖం. అమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. అక్కడ వీధిలో శంఖం వినిపించిందంటే ఎవరో పోయారని అర్థం. పెళ్ళయి ఈ బెంగాల్ రైల్వే ఊరికి వచ్చిన కొత్తలో సాయంత్రం దీపాల వేళకి వీధి పొడుగునా శంఖాలు మోగుతుంటే, ఇంతమంది ఒక్కరోజే ఎలా పోయారా అని అమ్మ తలుపు గడియ పెట్టుకుందట. ఇక్కడ బెంగాలీ ఇళ్ళల్లో దీపం పెట్టాక ఆడవాళ్ళే ఊదుతారని ఎదురింటావిడ చెప్పి, ఊదడం కూడా ఆవిడే నేర్పింది. అమ్మ ఆవిడని బౌదీ అంటుంది, అంటే వదిన. ఆవిడ అమ్మని దీదీ అంటుంది. ఎవరు పెద్దో ఇప్పటికీ తేలలేదు.

మా వీధి దుర్గాపూజ పందిట్లో అష్టమి సాయంత్రం ఆడవాళ్ళకి శంఖం పోటీ ఉంటుంది. ఒక్క ఊపిరితో ఎవరు ఎక్కువసేపు ఊదితే వాళ్ళది మొదటి బహుమతి. ఆరేళ్ళుగా అమ్మ పాల్గొంటోంది. ఆరేళ్ళూ రెండోది. ఆరేళ్ళూ మొదటిది ఎదురింటి బౌదీ. కిందటేడు బౌదీ నలభై మూడు సెకన్లు, అమ్మ నలభై ఒకటి. మొదటి బహుమతి ప్రతి ఏడూ ఒకటే, హాట్‌ప్యాక్. బౌదీ ఇంట్లో ఆరు హాట్‌ప్యాక్‌లున్నాయి, వాటిలో మరమరాలు పోసి పెట్టుకుంటుంది. ఆ మరమరాలు మా ఇంటికి పంపినప్పుడల్లా అమ్మ వాటిని పళ్ళెంలోకి ఒంపుకుని, ఖాళీ హాట్‌ప్యాక్ మూతని ఒకటికి రెండుసార్లు తిప్పి చూసేది.

కాబట్టి ఆ ఆదివారం అమ్మ అడిగిన మొదటి ప్రశ్న నొప్పి గురించి కాదు.

"పూజకి ఎన్నాళ్ళున్నాదిరా?"

"తొమ్మిది వారాలు."

"అప్పుడు దాకా ఉంటాదేటి ఇది?"

శంఖాన్ని పెదవులకి గట్టిగా ఒత్తిపెట్టి ఊదాలి. ఆ ఒత్తిడి పడేది సరిగ్గా ఆ ముందు పళ్ళ మీదే.

మర్నాడు సాయంత్రం ఊళ్ళోనే ఖరిదాలో, మెడికల్ షాపు మీద ఉన్న చిన్న క్లినిక్‌కి వెళ్ళాం. డాక్టరు నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. ఆవిడ చేతిలో సన్నటి కడ్డీ ఒకటి ఉంది, దాని మీద మిల్లీమీటర్ల గీతలు. చిగురుకీ పన్నుకీ మధ్య మెల్లగా దించి లోతు చూసి అంకె చెబుతుంటే పక్కనున్న నర్సు రాస్తోంది. మూడు, మూడు, నాలుగు. మూడు, నాలుగు, ఐదు. నాకు ఆ డాక్టరు మీద అప్పటికప్పుడే గౌరవం కలిగింది. కార్ఖానాలో మేం సందులు కొలిచేదీ ఇలాగే. ఊగే పన్ను దగ్గర ఆవిడ కొంచెం ఆగి, మళ్ళీ కొలిచి, "ఆరు" అంది. మూడు దాకా మామూలట.

ఆవిడ హిందీలో చెప్పింది క్లుప్తంగా ఇదీ. పళ్ళ మొదట్లో గార గట్టిపడి పేరుకుంది. అది చిగుళ్ళని పన్ను నుంచి విడదీసి కిందికి తోసింది. గుడాకు దానికి తోడయింది. గార మొత్తం తీయించుకుని, గుడాకు మానేసి, సరిగ్గా తోముకుంటే చిగురు మళ్ళీ పన్నుని పట్టుకోవచ్చు. ఆరు వారాల తర్వాత లోతు మళ్ళీ కొలుస్తుంది. తగ్గితే పన్ను ఉంటుంది. తగ్గకపోతే తీసేయాల్సి రావచ్చు.

"శంఖ్ బజానా?" అని అడిగింది అమ్మ.

డాక్టరుని అంతకుముందు ఎవరూ ఆ ప్రశ్న అడిగినట్టు లేదు. ఆరు వారాలూ శంఖం ముట్టుకోవద్దంది. తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ నాన్నని చూసి, "దాదా, మీరూ కూర్చోండి, ఒకసారి చూస్తాను" అంది.

"మాది ఓవరాలింగ్ డేటు ఇంకా రానేదు" అని తెలుగులోనే చెప్పి నాన్న మెట్లు దిగిపోయాడు.

నాన్నకి తన పళ్ళ మీద గొప్ప నమ్మకం. ఏ డాక్టరూ వాటిని చూడలేదన్నదే ఆ నమ్మకానికి ఆధారం. ఎప్పుడూ ఎడమవైపే నములుతాడు. ఎందుకని అడిగితే, అలవాటు అంటాడు.

ఇంటికి వచ్చే దారిలో రిక్షా పక్కన సైకిల్ నడిపిస్తూ ఆయన తన అభిప్రాయం చెప్పాడు. "తుప్పట్టిన బోల్టు ఎప్పుడన్నా కదులుతాదేటి? కదలదు. ఆ తుప్పు గోకీ, అప్పుడు సూడు, గడగడలాడతాది. ఆ గారే పట్టుకోనున్నాది దాన్ని. తీయిస్తే పన్ను సేతికొస్తాది."

"నాన్నా, పన్ను బోల్టు కాదు."

"అన్నీ బోల్టులేరా."

అమ్మ రిక్షాలోంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆ చూపు నాకు గుర్తుండాల్సింది.

రెండు విడతల్లో గార తీయించాం. రెండోసారి ఇంటికి వచ్చాక అమ్మ అద్దం ముందు నిలబడి నాలుకతో పళ్ళ వెనక తడుముకుని బెంబేలెత్తిపోయింది. అన్నాళ్ళూ గార నిండి ఉన్న చోట ఇప్పుడు సందులు కనిపిస్తున్నాయి.

"ఓలమ్మో, నా నోట్లో కిటికీలు పెట్టీసినారు! గాలి అటునించి ఇటు పోతన్నాది!"

"నాను సెప్పినాను" అన్నాడు నాన్న, పేపరు మీంచి తల ఎత్తకుండా.

నాన్న మాటలో సగం నిజం ఉంది. గార తీసిన కొత్తలో పళ్ళు వదులుగా అనిపిస్తాయి, చిగురు బిగిసేదాకా. ఆ మిగతా సగం ఎలా చెప్పాలా అని ఆలోచించి, నేను చార్టు తయారు చేశాను. బాత్‌రూమ్ తలుపుకి లోపలివైపు అంటించాను. అందులో ఉన్నవి:

ఒకటి, మెత్తటి బ్రష్. రెండు, బ్రష్‌ని చిగురు అంచు వైపు కాస్త వంచి, చిన్న చిన్నగా కదపాలి, గిన్నెలు తోమినట్టు రుద్దకూడదు. మూడు, రక్తం వస్తే ఆ చోటు వదిలెయ్యకూడదు, మెల్లగా అక్కడే తోమాలి. నాలుగు, సందుల్లోకి సీసాలు కడిగే బ్రష్‌కి పిల్ల లాంటి బుల్లి బ్రష్. ఐదు, పొద్దున్న ఒకసారి, రాత్రి భోజనం అయ్యాక ఒకసారి, రెండేసి నిమిషాలు. ఆరు, గుడాకు సున్నా.

పక్కన తేదీలు, టిక్కు పెట్టడానికి గడులు.

బుల్లి బ్రష్‌ని నాన్న మెచ్చుకున్నాడు. నూనె పోసే రంధ్రాలు శుభ్రం చెయ్యడానికి వర్క్‌షాప్‌లో ఇలాంటిదే కావాలని నాలుగు పట్టుకుపోయాడు. మళ్ళీ కొనాల్సి వచ్చింది.

బుధవారం నాడు చార్టు చూస్తే వచ్చే ఆదివారం దాకా టిక్కులు పెట్టి ఉన్నాయి.

"అమ్మా, ఇదేంటి? ఆదివారం ఇంకా రాలేదు."

"ఎలగూ తోముతాను గదా. రోజూ పెన్ను ఎతుక్కోడం ఎందుకని ఒక్కసారే పెట్టీసినాను."

"నిజంగా తోమావో లేదో ఎలా తెలుస్తుంది?"

"ఏటిరా, నాను నీ కార్ఖానా మాలునా, ముద్ర ఎయ్యడానికి?"

తర్వాత నేను బ్రష్ కుచ్చుని వేలితో తాకి చూడడం మొదలుపెట్టాను, తడిగా ఉందా పొడిగా ఉందా అని. రెండు రోజులకే అమ్మ దాన్ని కుళాయి కింద పెట్టి తీసి స్టాండులో పెట్టడం నేర్చుకుంది. కడిగిన బ్రష్‌కీ తోమిన బ్రష్‌కీ వాసన తేడా ఉంటుందని నేను కనిపెట్టాను. అప్పుడు అమ్మ దాని మీద పేస్టు కాస్త రాసి కడగసాగింది. ఇంత శ్రమపడే బదులు తోముకోవచ్చు కదా అని నేను అడగలేదు, ఎందుకంటే నేనూ ఇంత శ్రమపడే బదులు ఆమెతో మామూలుగా మాట్లాడి ఉండొచ్చు.

ఒకరోజు ఎదురుగానే తోముకోమని, చేతిగడియారం చూశాను. ఇరవై రెండు సెకన్లు.

"రెండు నిమిషాలు అయిపోనాది" అంది అమ్మ నోరు పుక్కిలించి.

మూడో వారంలో అసలు సంగతి బయటపడింది. శుక్రవారం దేవుడి అర తుడుస్తుంటే శంఖం చేతికి వచ్చింది. తెల్లటి శంఖం, ఊదే కొనదగ్గర పెదవి ఆనే చోట, గోధుమరంగు మరక. వేలితో రుద్ది వాసన చూశాను. బెల్లం, పొగాకు.

ఒక్క మరక, రెండు తప్పులు. శంఖం ముట్టుకోకూడదు, ముట్టుకుంది. గుడాకు రుద్దకూడదు, రుద్దింది. అదీ ఒకదాని వెంట ఒకటి. దొరికిన సాక్ష్యానికి లోలోపల సంతోషించాను, తర్వాత సిగ్గుపడ్డాను గానీ ముందయితే సంతోషించాను. శంఖాన్ని చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.

అమ్మ బంగాళదుంపలు తరుగుతోంది. శంఖాన్ని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ బంగాళదుంపలు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు డూటీకి ఎల్లినాక, దినానికి ఒక్కసారి ఊదినాను. ఊదగలనో నేదో సూసుకోవద్దేటి? ఊదినప్పుడల్లా అది కదుల్తన్నాది. అందుకే కాసింత రాసినాను, బిగుస్తాదని."

"గుడాకు వల్లే కదా వదులయింది?"

"మీ నాన్న ఏటన్నాడు? గార తీసినాకే గదా ఊగుడు ఎక్కువయినాది? గుడాకు ఎట్టినన్నాళ్ళూ ఒక్క రకతం సుక్క సూడనేదు. నీ మెత్తబ్రష్ ఎట్టిన కాడ నుండి రోజూ రకతం. నువ్వే సెప్పు, ఏది మంచిది?"

దీనికి జవాబు ఉంది, డాక్టరు చెప్పింది కూడా. పొగాకు చిగుళ్ళలో రక్తాన్ని అణిచిపెడుతుంది. లోపల పాడవుతున్నా పైకి రక్తం కనిపించదు. మానేశాక కొన్నాళ్ళు కనిపిస్తుంది, శుభ్రంగా ఉంచితే అదే తగ్గుతుంది. నేను ఇదంతా వరసగా చెప్పాను. అమ్మ విన్నది. కానీ ఆమె చెయ్యి బంగాళదుంప మీద ఆగిపోయి ఉంది.

"ఆరేళ్ళురా" అంది. "ఆరేళ్ళు రెండో ఇనామే. ఈ ఏడు బౌదీకి మోకాలి నొప్పి, ఊపిరి సరిగా అందట్నేదు. ఈ ఏడు నాదే అనుకున్నాను. ఈ ముందు పన్నే పోవాలా? లోపలది ఏదో పోయినా బాగుండును."

శంఖం కొన తడిగుడ్డతో తుడిచి అరలో పెట్టేశాను.

ఆ సాయంత్రం బౌదీ వచ్చింది. దీపాల వేళ మా ఇంట్లోంచి మూడు వారాలుగా శంఖం వినిపించడం లేదని, ఆరోగ్యం ఎలా ఉందోనని. మోకాలు పట్టుకుని మెట్టు ఎక్కుతూ, "కీ హోలో, దీదీ?" అంది. అంటే, ఏమయిందని. అమ్మ చెప్పింది. పోటీలో ఎదుటి మనిషికి తన బలహీనత చెప్పకూడదన్న తెలివి ఆ పూట అమ్మకి లేకపోయింది, అదే మంచిదయింది.

బౌదీ అంతా విని ట్యూబులైటు కిందికి నడిచి, పై పెదవి వేలితో ఎత్తి పట్టుకుంది. ముప్పై ఏళ్ళు తెలుగువాళ్ళ ఎదురుగా ఉన్న ఆవిడ తెలుగు ఆవిడదే.

"సూడు. ఈ రెండు. నావి కాదు. కట్టినది."

అమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆరేళ్ళుగా అమ్మని ఓడిస్తున్న మనిషికి ముందు పళ్ళు రెండూ కట్టుడువి.

"ఎప్పుడు పోనాయి?"

"తోముతే రొక్తో. అందుకు అక్కడ తోమలేదు. గుడాకు పెట్టినా, రొక్తో బంద్. నేను ఖుషీ. తర్వాత ఒకరోజు పన్ను బయిట. ఇంకో పూజాకి ఇంకోటి." ఆవిడ పెదవి వదిలేసింది. "నాకు కొడుకు ఇలాంటి కాగితం పెట్టలేదు దీదీ, బాత్‌రూమ్‌లో. పెడితే నేను కూడా తిట్టినా అతన్ని."

చార్టు సంగతి వీధిలో తెలిసిపోయిందని నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత బౌదీ శంఖాన్ని చేతిలోకి తీసుకుని, నోటికి మధ్యలో కాకుండా కుడి మూలకి ఆనించి చూపించింది. ఆవిడ పక్కగా ఊదుతుందని ఆరేళ్ళూ చూస్తూనే ఉన్నాం, అదొక సొగసు అనుకున్నాం. ముందు పళ్ళ మీద బరువు పడకుండా ఉండడానికట. "ఇటు. పెదిమ గట్టి, పన్ను ఖాళీ. ఇప్పుడు కాదు, డాక్టర్ ఠీక్ హై అంటే, అప్పుడు." వెళ్తూ వెళ్తూ కిటికీ గట్టు మీదున్న గుడాకు డబ్బా కొంగులో కట్టుకుని తీసుకుపోయింది. మోకాలినొప్పి ఉన్న మనిషి అంత వేగంగా మెట్లు దిగడం నేను చూడలేదు.

గుడాకు మానడం చార్టులో రాసినంత సులువు కాలేదు. మొదటి నాలుగు రోజులు అమ్మకి తలనొప్పి, నాన్నకి చీవాట్లు. చేతికి ఏదో ఒకటి కావాలని సోంపు డబ్బా పట్టుకు తిరిగింది. తొమ్మిదో రోజు గోల్‌బజార్‌లో కొట్టు ముందు ఆగిపోయిందట, కొనకుండా వచ్చేసిందట. ఇది నేను చూసింది కాదు, ఆమె చెప్పింది. టిక్కుల విషయంలో అబద్ధమాడిన మనిషే అయినా ఈ మాట నమ్మాను, ఎందుకంటే చెప్పేటప్పుడు చాలా కోపంగా ఉంది.

రెండు నిమిషాల సమస్య మాత్రం మిగిలే ఉంది. గడియారం చూస్తూ తోమమంటే చూడదు. ఫోనులో గంట పెడితే సబ్బునీళ్ళ చేత్తో నొక్కి ఆపేస్తుంది. ఒక సాయంత్రం, ఎదురింట్లో బౌదీ శంఖం ఊదుతుంటే అమ్మ వంటింట్లో నిలబడి, పెదవులు కదపకుండా, ఆ ఊపిరితో పాటే ఊపిరి బిగబట్టింది. శంఖం ఆగగానే, "నలభై" అంది. నా చేతిగడియారంలోనూ నలభై.

"నీకెలా తెలిసింది?"

"ఆరేళ్ళ నుండి లెక్కెడతన్నాను, తెల్దేటి?"

అమ్మకి నిమిషం తెలియదు, శంఖం తెలుసు. నేను చార్టు దగ్గరకి వెళ్ళి రెండు నిమిషాలు అన్నది కొట్టేసి, మూడు శంఖాల సేపు అని రాశాను. పై వరసకి ఒకటి, కింది వరసకి ఒకటి, లోపలివైపుకీ సందులకీ ఒకటి.

మర్నాడు పొద్దున్న బాత్‌రూమ్ తలుపు బయట నిలబడి గడియారం చూశాను. నూట పద్దెనిమిది సెకన్లు. ఆ తర్వాత రోజు నూట ఇరవై రెండు. నాన్న వెనక నుంచి వచ్చి, "ఏటిరా, బండి లేటా?" అన్నాడు. అమ్మ బయటికి వచ్చి, "సందుల శంఖం కొంచెం పొడుగయినాది" అంది. ఆ వారం నుంచి నేను బ్రష్‌ని వాసన చూడడం మానేశాను.

ఆరో వారం క్లినిక్‌లో డాక్టరు మళ్ళీ ఆ సన్నటి కడ్డీ దించింది. నర్సు రాస్తోంది. మూడు, మూడు, మూడు. ముందు పన్ను దగ్గర ఆగింది. రెండుసార్లు కొలిచింది. "నాలుగు" అంది. వేలితో కదిపి చూసి, ఇంకా కొంచెం కదులుతోంది గానీ తీయాల్సిన పని లేదంది. ఇకమీదట మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలని, గార మళ్ళీ పట్టకుండా చూసుకోవడం జీవితాంతం ఉండే పనని చెప్పింది.

"శంఖ్?"

"మెల్లగా. పక్క నుంచి."

అమ్మ నన్ను చూసింది, బౌదీ డాక్టరుని ముందే కలిసి చెప్పించిందేమో అన్నట్టు.

అష్టమి సాయంత్రం పందిట్లో పన్నెండు మంది ఊదారు. అమ్మ ఎర్రంచు తెల్లచీర కట్టుకుంది, పూజ రోజుల్లో మా తెలుగువాళ్ళూ చాలామంది అదే కడతారు. బౌదీ తన వంతుకి కుర్చీలో కూర్చునే ఊదింది. నలభై సెకన్లు. తర్వాత అమ్మ. శంఖాన్ని నోటికి కుడి మూల ఆనించింది. మొదట గాలి చీలింది, తుస్సుమంది, జనంలో ఎవరో నవ్వారు. నాన్న అటు తిరిగి నవ్వినవాడిని వెతికాడు. ఆపి మళ్ళీ మొదలుపెట్టే అవకాశం ఒకసారి ఇస్తారు. రెండోసారి ధ్వని నిలబడింది. ముప్పై దాటాక అమ్మ మెడనరం ఉబ్బింది. నేను ఆమె కింది పెదవినే చూస్తున్నాను. ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది. ముందు నోట్లో వేలు పెట్టి పన్ను చూసుకుంది, తర్వాత జనం వైపు చూసింది.

బౌదీ అమ్మ చెయ్యి పట్టుకుంది. ఒక్క సెకను తేడా. హాట్‌ప్యాక్ ఏడోసారి కూడా ఎదురింటికే పోతుందని అందరం అనుకుంటుండగా, ఖరిదా నుంచి వచ్చిన కాలేజీ పిల్ల ఒకతె జీన్సు ప్యాంటులో స్టేజీ ఎక్కి, చెప్పులు విప్పి, యాభై రెండు సెకన్లు ఊదింది. ఊదాక రొప్పను కూడా లేదు.

"ఇద్దరూ పోనారు" అన్నాడు నాన్న.

అమ్మా బౌదీ కలిసి ఆ పిల్లని పందిరి పక్కకి తీసుకెళ్ళి ఆరా తీశారు. ఈత కొడుతుందట. గుడాకు ఎప్పుడూ ముట్టుకోలేదట. ఇద్దరూ ఆమె పళ్ళు కూడా చూశారని నాకు అనుమానం.

మూడో బహుమతి మూతున్న చిన్న స్టీలు డబ్బా. అమ్మ అందులో బుల్లి బ్రష్‌లు పెట్టుకుంది.

దశమి వెళ్ళిన ఆదివారం పొద్దున్న వంటింటి గుమ్మం దగ్గర మళ్ళీ అదే ప్లాస్టిక్ స్టూలు, టార్చిలైటు, కాడ ఉన్న అద్దం, చెంచా. గుడాకు డబ్బా లేదు. నాన్న ఎడమ నుంచి కుడికి తట్టుకుంటూ వచ్చాడు. ముందు పన్ను దగ్గర చెంచా మెల్లగా ఆనించాడు. చెవి దగ్గరగా పెట్టి మళ్ళీ ఆనించాడు.

"ఏటండి?" అంది అమ్మ నోరు తెరిచే.

"టక్కుమన్నాది" అన్నాడు నాన్న. కొంచెం నిరాశగా అన్నాడనిపించింది.

నేను లెక్కపెట్టి రాసుకున్నాను. అమ్మ స్టూలు మీంచి లేచి, చీర సర్దుకుని, నాన్న చేతిలోంచి అద్దమూ చెంచా తీసుకుంది.

"ఇప్పుడు మీరు కూకోండి."

"నాకెందుకే? నావి ఎవ్వరూ సూడనేదు, ఎప్పుడూ బాగానే ఉన్నాయి."

"కూకోండి. నోరు తెరండి. షట్టరు సగం ఎత్తకండి."

నాన్న నా వైపు చూశాడు. నేను టార్చి వెలిగించాను. అమ్మ కుడివైపు అద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. ఆయన ఎప్పుడూ ఎడమవైపే ఎందుకు నములుతాడో అప్పుడు మా ఇద్దరికీ కనిపించింది. అమ్మ చెంచా పక్కన పెట్టి, వేలితోనే ఒక్కొక్కటీ తాకుతూ, రెండుసార్లు లెక్కపెట్టింది. చార్టులో రెండో వరస గీయమంది. గీశాను.

అమ్మ, ఇరవై ఎనిమిది. నాన్న, ఇరవై మూడు.